‘పో’ అనకూడదు

సంచి సర్దుతున్నది మిషనక్క, సణుగుతున్నది కాజాలమ్మ.

మంచం మీద నోరు తెరుచుకుని ఉన్న సంచిలోకి మిషనక్క నాలుగు జతల బట్టలు, రెండు కళ్ళజోళ్ళు, మోకాళ్ళకు రాసుకునే మందు, కొలత టేపు, సూదుల డబ్బా వరసగా విసిరింది. ఆమె విసిరినవన్నీ కాజాలమ్మ బయటికి తీసి, మడత పెట్టి, మళ్ళీ లోపల పెట్టింది. అలా ఒకే సంచిని ఇద్దరూ కలిసి రెండుసార్లు సర్దారు.

“కత్తెర చేతిసంచిలో పెట్టకక్కా, లాక్కుంటారట.”

“లాక్కోనీ. వాళ్ళ పంట్లాం ఊడినప్పుడు నా దగ్గరికే రావాలి.”

మిషనక్కకు అరవై ఏళ్ళు. ఆ వయసులో ఆమెకు ప్రయాణికుల ఓడలో దర్జీ ఉద్యోగం వచ్చింది, ఆరు నెలల ఒప్పందం. ఓడలో పనిచేసే ఎనిమిది వందల మంది యూనిఫాంలు కుట్టాలి, అతకాలి. “ఓడెక్కినవాళ్ళకి తినడమే పని. తిన్నాక తెగడం బొత్తాల పని. ఆ తర్వాతది నా పని,” అని ఆమె వీధంతా చెప్పుకుంది. కాజాలమ్మకు మాత్రం ఓడ అన్న మాట వినగానే మునగడం ఒక్కటే గుర్తొచ్చింది.

ఇద్దరూ పంతొమ్మిదేళ్ళు ఒకే చొక్కాల కార్ఖానాలో పక్కపక్క మిషన్ల మీద కూర్చున్నవాళ్ళు. ఒకామె చేతికి ఏ మిషనైనా లొంగేది కనుక మిషనక్క. ఇంకొకామె బొత్తాలకు కాజాలు కుట్టేది కనుక కాజాలమ్మ. అసలు పేర్లు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేవి కావు.

నాలుగేళ్ళ కింద ఒక సోమవారం ఆ కార్ఖానా మూతపడింది. ముందుగా ఎవరికీ చెప్పలేదు. గేటు మీద ఒక కాగితం అంటించి ఊరుకున్నారు. అందరికంటే ముందు వచ్చేది ఇస్త్రీ బాబాయి, ఆరింటికల్లా వచ్చి ఇస్త్రీ పెట్టెలు వేడెక్కించేవాడు. ఆ రోజు ఆయన కాగితం చదివి, ఇంటికి వెళ్ళకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు. వచ్చినవాళ్ళను వచ్చినట్టు పక్కకు పిలిచి, “మూసేశారమ్మా,” “మూసేశారయ్యా,” అని రెండు వందల పైచిలుకు మందికి ఒక్కొక్కరికీ విడివిడిగా, నోటితో చెప్పాడు. తొమ్మిదిన్నర దాకా చెప్తూనే ఉన్నాడు. “కాగితం చూసి తెలుసుకునే వార్త కాదమ్మా ఇది,” అన్నాడట.

ఆ వారంలోనే మిషనక్క ఫోనులో ఒక గుంపు తెరిచింది. పేరు ‘తెగని పోగు’. కార్ఖానాలో పొద్దున మిషన్లు ఆన్ చేసేముందు ఇస్త్రీ బాబాయి వరసలన్నీ తిరుగుతూ “పోగు?” అని కేక పెట్టేవాడు. దారం సరిగ్గా ఎక్కించుకున్న వరస “తెగలేదూ!” అని తిరిగి కేక పెట్టేది. ఆ కేకలోంచి వచ్చిందే ఆ పేరు. కార్ఖానా పోయినా బాబాయి మానలేదు. రోజూ ఉదయం ఆరింటికి గుంపులో ఒకే ఒక్క లైను రాసేవాడు: “పోగు తెగలేదు.” అంతే. మళ్ళీ మర్నాడు ఆరింటిదాకా ఆయన ఊసు ఉండదు. దానికి ఎవరూ బదులిచ్చేవాళ్ళు కాదు. గోడగడియారం గంట కొడితే ఎవరైనా బదులిస్తారా?

గుంపుకు అడ్మిన్ మిషనక్క. ఇప్పుడామె ఓడెక్కుతోంది గనక పగ్గాలు కాజాలమ్మ చేతికొచ్చాయి. సంచి జిప్పు లాగేసి, మిషనక్క ఫోను తీసి పాఠం మొదలుపెట్టింది.

“ఇదిగో, ఇక్కడ నొక్కితే నువ్వు అడ్మిన్‌వి. ఇక్కడ నొక్కితే వాడు బయట.”

“ఎవడు?”

“ఎవడైతే వాడు.”

“నాకు భయంగా ఉందక్కా.”

“భయమెందుకే? గుంపంటే రెండొందల పదకొండు మంది అత్తగార్లున్న ఇల్లు. నువ్వొక్కదానివే కోడలివి. అందరినీ సంతోషపెట్టాలని మాత్రం చూడకు. ఆ పని చేతగాకే దేవుడు పైకెక్కి కూర్చున్నాడు.”

“లెంపలేసుకో అక్కా, ప్రయాణం పెట్టుకుని!”

“ఓడలో వేసుకుంటాలే, ఖాళీగా ఉంటా.” మిషనక్క ఒక్క విషయానికి మాత్రం నవ్వు ఆపింది. “రూల్సు ఆరున్నాయి. ఐదింటిని గాలికొదిలినా పర్లేదు. మొదటిది మాత్రం వదలకు.”

మొదటి రూలు కాజాలమ్మకు కంఠతా వచ్చు. ‘ఎవరినీ చెప్పకుండా బయటికి పంపం.’ అది బాబాయి అడిగి పెట్టించిన రూలు.

గుమ్మం ముందు టాక్సీ హారన్ కొట్టింది. మిషనక్క సంచి భుజానికెత్తుకుని, “పోతున్నానే,” అంది.

“అక్కా! ఆ మాటనకు. వెళ్ళొస్తానను.”

“పోతున్నానంటే పోతున్నాను. పోకుండా ఎలా వస్తానే, పిచ్చి మొహమా?”

“నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్కసారి అను.”

“మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, పట్టుకుంటే కింద పట్టుకో,” అంటూ మిషనక్క టాక్సీ ఎక్కింది. అద్దం దించి చెయ్యి ఊపుతూ, వీధి మలుపు తిరిగేదాకా “పోతున్నా, పోతున్నా,” అని అరుస్తూనే వెళ్ళింది.

కాజాలమ్మకు ఆ అక్షరమంటే తొమ్మిదో ఏటి నుంచీ గుబులు. వాళ్ళ నాన్న ఒకనాడు సైకిల్ ట్యూబు కొనుక్కొస్తానని బయల్దేరుతూ “పోతున్నా” అన్నాడు. పోయాడు. ట్యూబు మాత్రం సాయంత్రం ఎవరో తెచ్చి ఇచ్చి వెళ్ళారు.

అందుకే అడ్మిన్ అయిన మొదటి రోజునే ఆమె ఆరు రూల్సు కింద ఏడోది చేర్చింది: ‘గుంపు విడిచి వెళ్ళేవారు పోతున్నా అని రాయరాదు. వెళ్ళొస్తా అని రాయాలి.’

ఆ మర్నాటి నుంచి ఆమె నిద్ర చెడింది.

అంతవరకూ గుంపంటే ఆమెకు ఇంటి అరుగులాంటిది, ఒక మూల కూర్చుని వినేది. అడ్మిన్ అయ్యాక తెలిసింది, ఆ అరుగు ఊడ్చేది తనేనని. తెల్లవారుజామున అయిదింటికి మొదలయ్యేవి గులాబీపూల బొమ్మలు, వాటి కింద శుభోదయాలు. ఒకాయన మాటను టైపు చేయడు, ఏడు నిమిషాల పాటు మాట్లాడి పంపుతాడు. అందులో అయిదు నిమిషాలు వెనక తిరిగే మిషను చప్పుడే. ఇంకొకామె వారానికోసారి “కాలరు ఎలా తిప్పాలి?” అని అడుగుతుంది. నలభై మంది చెప్తారు. “చాలా థాంక్సు” అని, మళ్ళీ వారం “కాలరు ఎలా తిప్పాలి?” అంటుంది. ఎవరు ఏం రాసినా, అది తన గురించేనని అనుమానపడి కాజాలమ్మకు విడిగా ఫిర్యాదు చేసేవాళ్ళు రోజుకు నలుగురు. ‘కొందరికి వంకర కుట్టు అలవాటు’ అని ఎవరో రాస్తే, ఆ కొందరు తామేనని ఏడుగురు ఒప్పుకున్నారు.

అన్నిటికంటే పెద్ద యుద్ధం దారం గురించి. కుట్టు అయ్యాక దారాన్ని పంటితో కొరకాలా, కత్తెరతో కత్తిరించాలా? పంటి వర్గానికి నాయకురాలు పంటి వదిన. నలభై ఏళ్ళుగా కొరికి కొరికి ముందు పన్ను మీద సన్నటి గాడి పడింది, దాన్ని పతకంలా చూపిస్తుంది. కత్తెర వర్గానికి కత్తెర మాస్టారు. కార్ఖానాలో గుడ్డ కోసే మాస్టారు ఆయన, క్రమశిక్షణ అన్న మాట లేకుండా వాక్యం రాయడు.

“నోటితో కొరికిన దారం ఎంగిలి దారం,” అని మాస్టారు రాశాడు.

“నీ కత్తెర నాకంటే ముందు మొద్దుబారింది, నీలాగే,” అని వదిన రాసింది.

“అడ్మిన్‌గారు చర్య తీసుకోవాలి.”

“తీసుకో కాజాలూ. ముందు వాడి కత్తెర తీసుకో.”

కాజాలమ్మ ఇద్దరికీ రెండు చేతులు జోడించిన బొమ్మలు పంపింది. వాళ్ళకు కోపం వచ్చింది. మాస్టారు ముప్పై లైన్ల వీడ్కోలు రాసి, చివర “ఇక పోతున్నాను” అన్నాడు. ఎవరైనా ఆపుతారేమోనని అరగంట చూశాడు. ఎవరూ ఆపకపోయేసరికి అదే వీడ్కోలు మళ్ళీ పంపి, బయటికి వెళ్ళాడు. మర్నాడు పొద్దున కాజాలమ్మకు ఫోన్ చేశాడు. “గుంపులో నా గురించి ఏమనుకుంటున్నారమ్మా?”

“ఏమీ అనుకోవట్లేదు మాస్టారూ.”

“అయితే నన్ను చేర్చు. అనుకునేలా చేస్తాను.”

ఒక్క నెలలో అలా “పోతున్నా” అని పదకొండు మంది వెళ్ళారు. పదకొండు మందీ తిరిగి వచ్చారు. వెళ్ళినప్పుడల్లా మాత్రం కాజాలమ్మ అన్నం మానేసి, బతిమాలుతూ విడిగా ఉత్తరాల్లాంటివి రాసింది. కార్ఖానాలో మిగిలింది ఈ గుంపే. ఇదీ చెదిరితే పంతొమ్మిదేళ్ళూ చెదిరినట్టే. అది ఆమె లెక్క.

ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. ఆయనను గుంపులో చేర్చిన నాడే ఏదో జోకు వేసి మిషనక్క చేత గెంటించుకున్నాడు. అప్పట్నుంచి గుంపు ఆయనకు వేడుక.

“ఎందుకే అంత బెంగ? బస్సులోనూ ఇంతే. ‘దిగిపోతా, ఆపు, దిగిపోతా’ అని అరిచేవాడు ఆఖరి స్టాపుదాకా నా నెత్తినే ఉంటాడు. నిజంగా దిగేవాడు గంట కూడా కొట్టడు. అద్దంలో చూస్తే సీటు ఖాళీ.”

“మీకన్నీ బస్సులే.”

“మరి నీకన్నీ బొత్తాలు కాదూ?”

సెప్టెంబరు మొదటి వారంలో కాజాలమ్మ కంటికి శుక్లం తీయాల్సి వచ్చింది. తీశాక వారం రోజులు ఫోను ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆపరేషన్ కంటే ఆ మాటకే ఆమెకు కళ్ళు తిరిగాయి. వారం రోజులు! గులాబీలు, ఏడు నిమిషాల మిషను చప్పుడు, పళ్ళు, కత్తెరలు. ఎవరు ఎప్పుడు పోతున్నానంటారో, ఎవరు ఆపుతారో.

అప్పుడు ఆమె ఆ గుంపు అమరికల్లో ‘వాచ్‌మన్’ అనే సదుపాయం ఉందని కనిపెట్టింది. మనం వద్దన్న మాటలు రాసిపెడితే, ఆ మాటలున్న సందేశాలను అదే చెరిపేస్తుంది. కాజాలమ్మ బడికి వెళ్ళింది నాలుగేళ్ళే అయినా, దుకాణం పొట్లాం మీది అక్షరాలను కూడా విప్పి చదవనిదే పారేసే మనిషి కాదు. వాచ్‌మన్ గురించిన వివరాలు మూడుసార్లు చదివింది.

‘నిషేధించవలసిన మాటలు’ అన్న గడి వచ్చింది. బూతులు రాద్దామనుకుంది గానీ వేలు ఆడలేదు. ఒక బూతు సగం రాసి, భర్త వస్తున్న అలికిడికి చెరిపేసింది. ఆలోచించగా ఆలోచించగా, అసలు దుఃఖమంతా ఒక్క మాటలోనే ఉందని తోచింది. పోతున్నా, పోతాను, పోరా, పోవే, పోయావులే. వీటన్నిటికీ మొదలు ఒకే అక్షరం. గడిలో ‘పో’ అని రాసింది. పక్కనే ‘ఈ అక్షరాలు ఎక్కడ ఉన్నా’ అని ఉంటే అక్కడా గుర్తు పెట్టింది. ఒకే కాజాలో పది బొత్తాలు పట్టించినంత గర్వపడింది.

ఇంకొక ప్రశ్న మిగిలింది. ‘మూడోసారి దొరికితే?’ కింద రెండు జవాబులున్నాయి: ‘హెచ్చరించు’, ‘తొలగించు’. మూడోసారి కూడా తప్పు రాసినవాణ్ణి హెచ్చరించి ఏం లాభం, ఆ రాసింది తొలగిస్తే సరి అనుకుని ఆమె రెండోది నొక్కింది. తొలగించు అన్నదే గానీ, దేన్ని అనీ ఎవర్ని అనీ అక్కడ రాసి లేదు. తెలుగులో వాక్యానికి కర్మ లేకపోయినా నడుస్తుంది. అనుభవించడానికి మనుషులుంటారు గనక.

సెప్టెంబరు ఆరున కన్ను ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని, ఫోను మోగకుండా చేసి పక్క గదిలో పెట్టించి, కాజాలమ్మ పూటకోసారి భర్తను అడిగింది.

“గుంపులో ఏమైనా గొడవా?”

ఆయన వెళ్ళి చూసొచ్చేవాడు. “ఏమీ లేదు.”

“అసలేమీ లేదా?”

“ఎవరో నెలకు పది కిలోలు తగ్గిస్తానంటున్నాడు. ఇంకెవరో కాలరు ఎలా తిప్పాలంటోంది. అంతే. శ్మశానంలా చల్లగా ఉంది.”

“ఆ మాటలేమిటండీ, శుభమా అని కన్ను తెరుస్తుంటే!” అని కసిరింది గానీ, నల్లద్దాల వెనక మురిసిపోయింది. మిషనక్క నాలుగేళ్ళలో తేలేని శాంతిని తను ఒక్క అక్షరంతో తెచ్చింది.

ఎనిమిదో రోజున, సెప్టెంబరు పదమూడున, ఫోను చేతికొచ్చింది. కొత్త కంటితో ఆమె మొట్టమొదట చదివింది గుంపు పేరు కింద ఉండే అంకె. రెండు వందల పదకొండు ఉండాలి. నూట నలభై ఎనిమిది ఉంది.

“ఏవండీ! కన్ను సరిగ్గా అతికించలేదు వాళ్ళు. అంకెలు తగ్గి కనిపిస్తున్నాయి.”

ఆయన వచ్చి చూశాడు. తన కళ్ళతో చూసినా అదే అంకె. అరవై మూడు మంది లేరు.

వాచ్‌మన్ చెరిపినవన్నీ ఒక చిట్టాలో దాచిపెట్టాడు. ఫోను తీసుకుని ఆయనే పైకి చదివాడు.

“పంటి వదిన, ఏడో తారీకు. ‘జాకెట్టు చంకలో చినిగిపోయింది, అతుకు వేయనా, కొత్తది కుట్టనా?’ చెరిపేశాడు. పంటి వదిన, మళ్ళీ. ‘నా ప్రశ్న ఏమైపోయింది?’ చెరిపేశాడు. పంటి వదిన, మళ్ళీ. ‘తీసేసిందెవర్రా, మీ చేతులు పడిపోను!’ చెరిపేశాడు. తొలగించాడు.”

“తొలగించడమంటే రాసింది కదా?”

“రాసినామెను.”

ఆయన చదువుతూనే ఉన్నాడు. బొత్తం ఊడిపోయింది. సూది విరిగిపోయింది. రంగు వెలిసిపోయింది. కరెంటు పోయింది. కుట్టేవాళ్ళ లోకంలో ఊడిపోవడం, చినిగిపోవడం, తెగిపోవడం తప్ప వార్తలేముంటాయి? అవన్నీ పోయాయి. పోనీ అన్నవాడూ పోయాడు, పోల్చినవాడూ పోయాడు. ఒకాయన “పోస్టులు ఎందుకు పోతున్నాయి?” అని అడిగి, ఒకే వాక్యంలో రెండుసార్లు దొరికాడు. గుంపు పేరు రాసినవాళ్ళు కూడా దొరికారు, పేరులోనే ‘పోగు’ ఉంది గనక. కొందరు తెలివైనవాళ్ళు ‘చినిగిఫోయింది’ అని రాసి బతికి బట్టకట్టారు. బరువు తగ్గించేవాడి సందేశాలు మాత్రం ఒక్కటీ చెరగలేదు. వాడి భాషలో ‘పో’ లేదు, అంతా ‘రండి’యే.

ఆమె అక్కడికక్కడే వాచ్‌మన్‌ను పీకేసింది. తలుపులన్నీ తెరిచింది. ఆ రోజూ మర్నాడూ కూర్చుని అరవై మూడు మందికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తూ వెళ్ళింది.

“నన్ను గెంటుతావా కాజాలూ?” అంది పంటి వదిన. “నా పెళ్ళైన కొత్తలో మా అత్తగారు కూడా గెంటలేకపోయింది నన్ను!”

“నేను కాదు వదినా, మిషను.”

“మిషన్ని నువ్వే కదా తొక్కావు?”

“తప్పయింది వదినా. రా వదినా.”

“వస్తాలే. ముందు ఆ జాకెట్టు సంగతి చెప్పు. అతుకు వేయనా, వద్దా?”

కత్తెర మాస్టారు ఫోను ఎత్తుతూనే ఏడుపు గొంతు పెట్టాడు. బయట పడ్డ నాడే ఆయన పంతం పట్టి ‘క్రమశిక్షణ’ అని సొంత గుంపు తెరిచాడట. పద్నాలుగు మంది చేరారట.

“వదినగారు అందులోనూ చేరారమ్మా! మొదటి రోజే దారం గొడవ. ఇద్దరు నాకు విడిగా ఫిర్యాదులు. పొద్దున్నే గులాబీలు. నేను రూల్సు పెడితే నా రూల్సులో అక్షర దోషాలు వెతికారు. ఎలా వేగావమ్మా ఇన్నాళ్ళూ? నన్ను చేర్చుకో, నా గుంపు నువ్వే మూసెయ్యి, నాకు మూయడం రావట్లేదు.”

నవ్వాలో ఏడవాలో తెలియక కాజాలమ్మ రెండూ చేసింది. రెండో రోజు సాయంత్రానికి చాలామంది వచ్చేశారు. అప్పుడు నీళ్ళు తాగుతూ, గుంపులో వారం రోజుల సందేశాలు పైనుంచి కిందికి మళ్ళీ చదివింది. చెరగకుండా మిగిలిన కొద్దిపాటిలో, కాలరు ప్రశ్నకూ బరువు తగ్గించేవాడికీ మధ్య, ఇంకొకటి కనిపించింది.

సెప్టెంబరు తొమ్మిది, ఉదయం ఆరు గంటలు. ఇస్త్రీ బాబాయి. “నా వల్ల ఏం తప్పు జరిగిందో తెలియలేదమ్మా. వెళ్ళొస్తాను.”

అందులో ‘పో’ లేదు. ఏడో రూలు ప్రకారం రాసిన వీడ్కోలు అది. ఆ రూలు పుట్టాక దాన్ని పాటించినవాడు ఆయనొక్కడే.

ఆమె చిట్టా తెరిచింది. ఏడో తారీకు, ఆరు గంటలు: “పోగు తెగలేదు.” చెరిపేయబడింది. ఎనిమిదో తారీకు, ఆరు గంటలు: “పోగు తెగలేదు.” చెరిపేయబడింది. తొమ్మిదో తారీకు, ఆ వీడ్కోలు రాశాక ఇంకొక్కసారి, ఆరు గంటల నాలుగు నిమిషాలకు: “పోగు తెగలేదు.” చెరిపేయబడింది. సభ్యుడు తొలగించబడ్డాడు.

బాబాయికి ఫోన్ చేయడానికి కాజాలమ్మకు ధైర్యం చాలలేదు. మర్నాడు ఒక జాకెట్టు సంచిలో వేసుకుని నాలుగు వీధులవతలకు నడిచింది. ఒక మేడ మెట్ల కింద ఆయన బల్ల. బల్ల మీద దుప్పటి, దుప్పటి మీద బడిపిల్లల చొక్కాలు. డెబ్భై దాటినా ఇస్త్రీ పెట్టె ఆయన చేతిలో పడవలా జారుతుంది.

“రా అమ్మా. కన్ను ఎలా ఉంది?”

“కన్ను బాగానే ఉంది బాబాయ్. పొర బుద్ధికి కమ్మింది.”

ఆయన నవ్వాడు. జాకెట్టు అందుకుని, నీళ్ళు చిలకరించి, చేతుల అతుకుల దగ్గర మొదలుపెట్టాడు.

“బాబాయ్, నేను నిన్ను తీసెయ్యలేదు. ఆ వాచ్‌మన్ అనేది…”

“తెలుసమ్మా. మాస్టారు చెప్పాడు. యంత్రం కదా, దానికేం తెలుసు.”

“అవును బాబాయ్, దానికేం తెలుసు!”

“గేటు మీద కాగితం కూడా అంతే కదమ్మా. దానికి మాత్రం ఏం తెలుసు.”

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే కాజాలమ్మ బతికిపోయేది. కోపాలకు ఆమె దగ్గర నెలరోజుల అనుభవం ఉంది. ఆయన ముడత గురించి చెప్పినట్టు చెప్పి, జాకెట్టు తిరగేశాడు.

“మొదటి రోజు నా ఫోను పాడైందనుకున్నా. రెండో రోజు నెట్టు లేదనుకున్నా. ఎవరైనా చెప్తారేమో అని చూశానమ్మా. ‘బాబాయ్, రోజూ ఆ ఒక్కలైనూ విసుగ్గా ఉంది, మానెయ్’ అంటే మానేసేవాణ్ణి. అంతమందిలో నా లైను రాలేదని కూడా ఎవరూ అనలేదు. అప్పుడు తెలిసింది, గుంపుకు నాతో పని తీరిందని.”

“అయ్యో బాబాయ్, ఆ వారం నేను చూడలేదు.”

“నిన్ను కాదులే అమ్మా. నీకు కన్ను.”

“తలుపు తీసే ఉంచాను. నీ ఫోనుకు పంపాను, ఒక్క నొక్కు నొక్కితే లోపలుంటావు.”

“చూశాను.”

“మరి నొక్కు బాబాయ్. కావాలంటే నేను నొక్కుతా.”

ఆయన పెట్టెను నిలబెట్టి, జాకెట్టు మడిచి, వేడి పోయేదాకా రెండు నిమిషాలు అరచెయ్యి దాని మీద పెట్టి ఉంచాడు. తర్వాత ఆమె చేతికిచ్చాడు.

“ఆ రోజు గేటు దగ్గర, చెప్పకుండా మూసిన గుమ్మంలోకి మళ్ళీ అడుగు పెట్టనని అనుకున్నానమ్మా. అది కార్ఖానా గురించే అనుకున్నాను. నా అలవాటు అలా పడింది, నీ తప్పేం లేదు. వెళ్ళిరా.”

“రేపు ఆరింటికి రాస్తావు కదూ?”

“చూద్దాం.”

చూద్దాం అన్న మాటకు కాజాలమ్మ చదివిన పుస్తకాల్లో ఒక అర్థం ఉంది. చూసిన మనుషుల్లో ఇంకో అర్థం ఉంది.

మర్నాడు అయిదున్నరకే లేచి ఫోను ముందు కూర్చుంది. ఆరు దాటింది. ఆరున్నర అయింది. ఆ తర్వాతి రోజు ఆరింటికి గుంపులో టింగుమంది. “పోగు తెగలేదు” అని కత్తెర మాస్టారు రాశాడు. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

“మాస్టారూ, అది తీసేస్తున్నాను. ముందే చెప్తున్నాను.”

“మంచికే రాశానమ్మా. గుంపులో ఒక క్రమ…”

“ఆ లైను బాబాయిది మాస్టారూ.”

“నిజమే. తీసెయ్యమ్మా,” అన్నాడు. ఆమె తీసేసింది. అడ్మిన్ అయ్యాక తన వేలితో చెరిపిన మొదటి సందేశం అదే. ఆ సంగతి ఎలా పాకిందో గానీ, ఆ తర్వాత ఆరింటికి ఎవరూ గులాబీ కూడా పంపలేదు. ఆరుంపావు దాకా గుంపు ఊపిరి బిగబట్టుకుని ఉండేది. ఆపైన పంటి వదిన దంతాలు తోముకుని వచ్చి, యుద్ధం మొదలుపెట్టేది.

కాజాలమ్మ ఏడో రూలు కొట్టేసింది. వారం వారం జాకెట్టు పట్టుకుని మెట్ల కిందికి వెళ్ళింది. అన్నేసి జాకెట్లు ఆమెకు లేవు, వదిన జాకెట్లు కూడా మోసింది. బాబాయి ఆదరంగా మాట్లాడాడు, కంటి సంగతి అడిగాడు, చంకలో వేసిన అతుకు బాగుందన్నాడు. ఫోను మాత్రం గుడ్డల కింద ఎక్కడో ఉండేది.

జనవరి ఆఖర్లో టాక్సీ వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టింది. మిషనక్క దిగింది. సంచి నిండా ఓడలో ఇచ్చే చిన్న చిన్న సబ్బులు.

“పోతున్నానన్నాను. వచ్చానా, లేదా? ఓడ కూడా వచ్చిందే, నీ కర్మ!” అని అరిచింది. కాజాలమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, నడిసముద్రంలో గుంపు అందక ఆమెకు తెలియని సంగతంతా చెప్పింది. మిషనక్క సంచి కూడా దించకుండా మెట్ల కిందికి నడిచింది. అరగంట పోట్లాడింది, బతిమాలింది, ఆయన ముందే ఏడ్చింది కూడా. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఇస్త్రీ చేసిన తన ప్రయాణపు చీర ఉంది. బల్ల మీద ఒక సబ్బు పెట్టి వచ్చిందట.

“ఏమన్నాడక్కా?”

“చూద్దాం అన్నాడు.”

పోతున్నానని అరుస్తూ వెళ్ళిన మిషనక్క జనవరి ముప్పైన వచ్చింది. పోతున్నామని రాసిన పదకొండు మందీ వచ్చారు. వాచ్‌మన్ గెంటిన అరవై మూడు మందిలో అరవై ఇద్దరు నెల తిరక్కుండానే వచ్చారు. గుంపు పేరు కింద అంకె ఇప్పుడు రెండు వందల పది. వెళ్ళొస్తానన్న ఇస్త్రీ బాబాయి తిరిగి రాలేదు. ఆయన వెళ్ళింది సెప్టెంబరు తొమ్మిది, బుధవారం, ఉదయం ఆరు గంటల నాలుగు నిమిషాలకు.